ఆన్‌లైన్ వేలంలో పురాతన నాణెం: ఎక్కడ కొంటే నకిలీ భయం తక్కువ, ఏ నాణేనికి ఏం చూడాలి

నా దగ్గర ఒక ట్రాజన్ డినేరియస్ ఉంది, అంటే రోమన్ చక్రవర్తి ట్రాజన్ పేరు మీద ఉన్న చిన్న వెండి నాణెం, కాకపోతే అది ట్రాజన్ కాలంలో తయారైంది కాదు. కొన్నప్పుడు ఫోటోలో చాలా బాగుంది, వెండి మీద సన్నటి నల్లపొర, అంచు దగ్గర చిన్న పగులు, బరువు 3.2 గ్రాములు, అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. మూడు నెలల తర్వాత ఇంకో వేలం పేజీలో అదే నాణెం కనిపించింది. అదే రకం అని కాదు, అదే నాణెం, అదే చోట అదే పగులు, చక్రవర్తి చెవి వెనక అదే గీత, నాదేమో నా డబ్బాలోనే ఉంది. సెల్లర్‌కి రాస్తే రిటర్న్ గడువు 14 రోజులే, అది ఎప్పుడో అయిపోయింది అని జవాబొచ్చింది. నేను నాణెం చూసి కొన్నాను గానీ ఎవరి దగ్గర, ఏ షరతుల మీద కొంటున్నానో చూళ్ళేదు.

అప్పట్నుంచి ఎవరైనా ఫోటో పంపి ఇది ఒరిజినలేనా అంటే నేను ముందు అడిగేది ఎవరు అమ్ముతున్నారు, షరతులేంటి అని. ఫోటో చూసి ఒక నాణెం నకిలీ అని చాలాసార్లు గట్టిగా చెప్పొచ్చు, ఒరిజినల్ అని మాత్రం గట్టిగా చెప్పలేం, ఈ తేడా చాలామందికి అలవాటు కావడానికి టైమ్ పడుతుంది. అందుకే ఇక్కడ ముందు ఎక్కడ కొనాలి అనేది పోల్చి చూసి, తర్వాత ఏ రకం నకిలీ ఫోటోలో దొరుకుతుంది ఏది దొరకదు, ఏ నాణెంతో మొదలుపెడితే రిస్క్ తక్కువ అనేవాటికి వస్తాను.

దేన్ని బట్టి పోల్చాలి

అన్నిటికంటే పెద్దది, నకిలీ అని తేలితే నష్టం ఎవరిది, ఎన్నాళ్ళ వరకు. పురాతన నాణేల్లో మోసం పార్సిల్ విప్పిన వారంలో తెలిసే సంగతి కాదు. నా నాణేనికిలాగే దానికి కవల, అంటే అవే పగుళ్ళూ గీతలూ ఉన్న ఇంకో నాణెం, ఎక్కడో బయటపడినప్పుడు తెలుస్తుంది, అది మూడు నెలలకి కావచ్చు మూడేళ్ళకి కావచ్చు. కాబట్టి 14 రోజులు, 30 రోజుల గడువులు బట్టలకీ ఫోన్లకీ సరిపోతాయేమో గానీ వీటికి చాలవు.

రెండోది, అమ్మకానికి పెట్టేముందు విషయం తెలిసిన మనిషి ఆ నాణేన్ని చేత్తో పట్టుకుని చూశాడా లేదా. మూడోది సమాచారం: రెండు వైపులా పదునైన ఫోటోలు, బరువు రెండు దశాంశాల వరకు, వ్యాసం, అడిగితే అంచు ఫోటో.

నాలుగోది ప్రావెనెన్స్, అంటే ఈ నాణెం ఇంతకుముందు ఎవరి సేకరణలో ఉంది, ఏ వేలంలో అమ్ముడైంది అన్న రికార్డు. 1960లో అచ్చయిన వేలం కేటలాగ్‌లో అదే నాణెం ఫోటో ఉందంటే గత ముప్ఫై నలభై ఏళ్ళలో వచ్చిన కొత్తరకం నకిలీల భయం అంతా ఒక్క దెబ్బకి పోతుంది. కానీ రికార్డు ఉందని అమ్మేవాళ్ళు చెప్పడం వేరు, మనం ఆ పాత ఫోటోతో పోల్చి చూసుకోవడం వేరు. సీజర్ హత్య జరిగిన మార్చి 15 గుర్తుగా బ్రూటస్ క్రీ.పూ. 42లో వేయించిన బంగారు నాణెం ఒకటి 2020లో లండన్ వేలంలో రికార్డు ధరకి పోయింది, తర్వాత దాని ప్రావెనెన్స్ కల్పితమని బయటపడి 2023లో దాన్ని గ్రీస్‌కి తిరిగిచ్చేశారు. అక్కడ గొడవంతా నాణెం గురించి కాదు, కాగితాల గురించి. అంటే ఒరిజినల్ నాణెం కొన్నా కాగితాలు అబద్ధమైతే అది మన చేతుల్లో మిగలకపోవచ్చు.

ఐదోది మీరే. మీకు ఎంత తెలుసు, ఒక్క నాణెం మీద ఎన్ని గంటలు పెట్టగలరు. ధరని నేను ఈ లెక్కలోకి కావాలనే తీసుకోలేదు, మార్కెట్ రేటులో పావు వంతుకి వస్తోందంటే దాన్ని లాభంగా కాదు హెచ్చరికగా చూడాలి, ఎందుకంటే నిజంగా మంచి నాణెమైతే మనకంటే ముందు డీలర్లే ఎగబడి బిడ్ చేసేవాళ్ళు.

ఎక్కడ కొనాలి

| ఎక్కడ | నకిలీ అని తేలితే | ముందే చూసే నిపుణులు | ఫోటోలు, వివరాలు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| ఎవరైనా అమ్ముకోగల ఓపెన్ సైట్లు | కొద్ది రోజుల గడువు, తర్వాత సెల్లర్ దయ | ఉండరు | ఒక్కో సెల్లర్‌ది ఒక్కో రకం | బాగా తెలిసినవాళ్ళకి |
| నాణేలకే ప్రత్యేకమైన వేలం సంస్థలు | చాలావాటిలో దీర్ఘకాల గ్యారంటీ, షరతులు చదవాలి | ఉంటారు | బాగుంటాయి | ఎక్కువమందికి |
| కొత్త, చిన్న వేలం సంస్థలు | సంస్థని బట్టి | ఉండొచ్చు, ఉండకపోవచ్చు | ఫోటో బాగుంటుంది, రికార్డు తక్కువ | ఆచితూచి కొనేవాళ్ళకి |
| అన్ని రకాల వస్తువులూ అమ్మే వేలం సైట్లు | గడువు తక్కువ | పైపైన పరిశీలన | మధ్యస్థం | తప్పనిసరైతే |
| స్లాబ్‌లో (ప్లాస్టిక్ పెట్టెలో) సీల్ చేసిన నాణేలు | గ్రేడింగ్ కంపెనీ షరతుల మేరకు | ఉంటారు | లేబుల్ మీద వివరాలు | బంగారం, బహుమతి కొనేవాళ్ళకి |
| ఫిక్స్‌డ్ ధర డీలర్లు | గట్టి గ్యారంటీ | డీలరే నిపుణుడు | బాగుంటాయి | మొదటి పది నాణేలకి |

టేబుల్ చూసి వెంటనే నిర్ణయం తీసుకోకండి, ఒక్కో వరుస వెనక చాలా ఉంది.

ఈబే లాంటి ఓపెన్ సైట్లలో మంచి నాణేలు లేవని కాదు, ఉన్నాయి, పేరున్న డీలర్లు కూడా అక్కడ అమ్ముతారు. సమస్య ఏంటంటే పక్కపక్కనే ఒకే సైజు ఫోటోలో ఒరిజినల్, నకిలీ రెండూ కనిపిస్తాయి, సైట్‌కి తేడా తెలియదు. అక్కడ నేను మొదట చూసేది నాణేన్ని కాదు, సెల్లర్ మిగతా లిస్టింగ్స్ అన్నీ ఒకేసారి తెరిచి చూస్తాను. ఒకే మనిషి దగ్గర ఏథెన్స్ గుడ్లగూబ (గుడ్లగూబ బొమ్మ ఉన్న ఏథెన్స్ వెండి నాణెం), బ్రూటస్, అలెగ్జాండర్, అరుదైన రాణుల డినేరియస్‌లు అన్నీ ఒకే రంగులో, ఒకే మెరుపుతో, ఒకే గుడ్డ మీద పెట్టి ఉన్నాయంటే ఇంక జూమ్ చేయాల్సిన పని లేదు. నిజమైన పాత సేకరణ ఎప్పుడూ అలా ఉండదు, అందులో అరిగినవీ విరిగినవీ గుర్తుపట్టలేనివీ ఎక్కువ ఉంటాయి, మంచివి తక్కువ ఉంటాయి.

తర్వాత వర్ణన చదవండి. "తాతగారి పెట్టెలో దొరికింది, నాకు నాణేల గురించి తెలీదు, ఫోటో చూసి మీరే నిర్ణయించుకోండి, రిటర్న్ లేదు" అనే మాటలు విడివిడిగా నిజం కావచ్చు, నాలుగూ కలిసి కనిపిస్తే మాత్రం పేజీ మూసేయండి. తెలీదని చెప్పేవాడే టైటిల్‌లో చక్రవర్తి పేరు, టంకశాల, కేటలాగ్ నంబర్ అన్నీ రాస్తే ఇంకా అనుమానించాలి. బిడ్ చేసినవాళ్ళ పేర్లు కనపడకుండా దాచే ప్రైవేట్ లిస్టింగ్ కూడా నాకు నచ్చదు, ఎందుకంటే మోసపోతున్నవాళ్ళకి ఎవరూ ముందే మెసేజ్ పెట్టి హెచ్చరించలేరు. ఫీడ్‌బ్యాక్ 100 శాతం ఉందని నమ్మడం ఇంకో పొరపాటు, కొన్నవాళ్ళకి అది నకిలీ అని ఇంకా తెలీదు కాబట్టే అందరూ స్టార్లు ఇచ్చారు.

నాణేల వేలం సంస్థల సంగతి వేరు. వీళ్ళు కేటలాగ్ తయారు చేసేటప్పుడే నిపుణులు చూస్తారు, అనుమానం ఉన్నవి వెనక్కి పంపిస్తారు, పొరపాటున నకిలీ కేటలాగ్‌లోకి వెళ్ళినా పేరు పోతుందని వేలానికి ముందే ఉపసంహరిస్తారు. వృత్తిగా నాణేలు అమ్మేవాళ్ళకి 1951లో జెనీవాలో మొదలైన ఐఏపీఎన్ అనే అంతర్జాతీయ సంఘం ఉంది, నకిలీలు ఒప్పుకోకూడదనేది వాళ్ళ నియమాల్లో ముఖ్యమైంది, నకిలీల మీద బులెటిన్లు కూడా వేశారు. సభ్యత్వం ఉన్నంత మాత్రాన కళ్ళు మూసుకోవచ్చని కాదు, గొడవ వచ్చినప్పుడు పట్టుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. గెలిచిన బిడ్ మీద వేలం సంస్థ తీసుకునే రుసుము, బయ్యర్స్ ప్రీమియం, అదనంగా కట్టాలి, బిడ్ వేసేటప్పుడే దాన్ని కలిపి లెక్కేసుకోండి, ఆ డబ్బులో కొంత ఈ పరిశీలనకే పోతోంది అనుకుంటే నాకు బాధనిపించదు.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. నమిస్‌బిడ్స్, బిడర్, సిక్స్‌బిడ్ లాంటివి వేలం సంస్థలు కావు, వేర్వేరు సంస్థల వేలాలు ఒకచోట చూపించే వేదికలు. వేదిక బాగుంది కదా అని అందులో ఉన్న ప్రతి సంస్థనీ ఒకేలా నమ్మకూడదు. గ్యారంటీ ఆ సంస్థది, వేదికది కాదు, షరతుల పేజీ ప్రతి సంస్థకీ విడిగా ఉంటుంది. అందులో వెతకాల్సింది ఒకే వాక్యం: నాణెం అసలైనదేనన్న హామీ ఎన్నాళ్ళు ఉంటుంది, తిప్పి పంపాలంటే ఎవరి అభిప్రాయం కావాలి. కొత్తగా పుట్టిన సంస్థ, వారం వారం వందల నాణేలు, ఒక్కదానికీ పాత రికార్డు లేదు, "పాత యూరోపియన్ సేకరణ నుంచి" అని అన్నిటికీ ఒకే ముక్క అంటించారు అంటే నేను ఓపెన్ సైట్ రూల్సే అక్కడా పాటిస్తాను.

అన్ని రకాల పాత వస్తువులూ అమ్మే జనరల్ వేలాల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. కుర్చీలూ గడియారాలూ చూసేవాళ్ళే నాణేలూ చూస్తారు, ఇంకో దారి ఉంటే అది చూసుకోండి.

స్లాబ్ అంటే నాణేన్ని పరిశీలించి ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేసి లేబుల్ పెట్టడం. ఎన్‌జీసీ ఏన్షియంట్స్ అనే గ్రేడింగ్ కంపెనీ వాళ్ళు గ్రేడ్‌తో పాటు అచ్చు పడిన తీరుకి 5కి ఎన్ని, పైపొరకి 5కి ఎన్ని అని మార్కులు కూడా ఇస్తారు. కొత్తవాళ్ళకి ఇది ధైర్యం ఇస్తుంది, నిజమే. కానీ రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఆధునిక నాణేలకి ఇచ్చే గ్యారంటీ పురాతన నాణేలకి కూడా యథాతథంగా ఉంటుందని అనుకోవద్దు, వాటి షరతులు విడిగా చదవాలి. రెండోది, స్లాబ్‌కే నకిలీలు వస్తున్నాయి, కాబట్టి లేబుల్ మీది నంబర్‌ని కంపెనీ సైట్‌లో కొట్టి అక్కడి ఫోటోతో మీ నాణెం ఫోటోని మచ్చ మచ్చా పోల్చాలి. నంబర్ నిజమై నాణెం వేరే అయ్యే అవకాశం ఉంది.

ఇక ఫిక్స్‌డ్ ధర డీలర్లు. వీకాయిన్స్, ఎంఏ-షాప్స్ లాంటి చోట్ల షాపు పెట్టుకున్న డీలర్లు. వేలం గురించి రాస్తూ వీళ్ళని ఎందుకు తెచ్చానంటే, మొదటి పది నాణేలు వీళ్ళ దగ్గర కొన్నవాళ్ళు తర్వాత వేలంలో మోసపోవడం నేను తక్కువ చూశాను. చివరి నిమిషం ఒత్తిడి ఉండదు, ప్రశ్నలు అడగొచ్చు, అన్నిటికంటే ముఖ్యంగా మన చేతిలో అసలు నాణేలు పది ఉంటాయి. అసలుది పట్టుకున్న వేలికి నకిలీ తేడా తెలుస్తుంది.

నకిలీల్లో రకాలు, ఫోటోలో ఏది దొరుకుతుంది

పురాతన నాణేల్లో ఎక్కువ భాగం కొట్టినవి. రెండు అచ్చుల మధ్య లోహపు బిళ్ళ పెట్టి సుత్తితో కొడితే లోహం పక్కలకి జరుగుతుంది, అందుకే అక్షరాల దగ్గర్నుంచి అంచు వైపు సన్నటి గీతలు, అంచు దగ్గర చీలికలు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే సగం నకిలీలు అర్థమవుతాయి.

పోత నకిలీ అంటే అసలు నాణెం నుంచి మూస తీసి కరిగిన లోహం పోయడం. వివరాలు అరిగిన సబ్బుబిళ్ళలా మెత్తబడతాయి, అక్షరాల మొదళ్ళు గుండ్రంగా అవుతాయి, పైన గాలిబుడగల చిన్న గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత లేదా ఆ గీత పోవడానికి ఆకురాయి పెట్టి రాసిన జాడ. అందుకే అంచు ఫోటో అడగమంటాను, ఇవ్వనంటే అదే జవాబు. లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది కాబట్టి వ్యాసం కూడా అసలుదానికంటే కాస్త తగ్గుతుంది. గుంటలున్నంత మాత్రాన పోత అని తీర్మానించొద్దు, మట్టిలో ఉన్న నాణేనికి తుప్పు గుంటలు పడతాయి, కాకపోతే అవి వంకరటింకరగా లోపలికి తిన్నట్టు ఉంటాయి, బుడగ గుంట గుండ్రంగా ఉంటుంది. ఇంకో మినహాయింపు, కొన్ని నాణేలు పుట్టుకతోనే పోత. చైనాలో క్రీ.పూ. 118 నుంచి వచ్చిన ఊజూ నాణేలు, రోమ్ తొలినాటి బరువైన కంచు బిళ్ళలు, భారతదేశపు తొలినాటి పోత రాగి నాణేలు అలాంటివి. వాటిలో అతుకు గీత కనిపించిందని నకిలీ అంటే తప్పవుతుంది.

దానికంటే కష్టమైంది అసలు నాణెం నుంచే అచ్చు తయారుచేసి కొత్త బిళ్ళల మీద కొట్టడం. కొట్టినదే కాబట్టి జరిగిన లోహపు గీతలు ఉంటాయి, పగుళ్ళు ఉంటాయి, మెరుపూ ఉంటుంది. దీన్ని పట్టించేది కవలే. తల్లి నాణెం మీద ఏ గీత ఉందో, ఎక్కడ అరిగిందో, బొమ్మ ఎంత పక్కకి పడిందో అదంతా ప్రతి పిల్ల మీదా అచ్చుపడుతుంది. ఇక్కడ కొత్తవాళ్ళు ఒక తేడా బాగా పట్టుకోవాలి. ఒకే అచ్చుతో కొట్టిన రెండు నాణేలు దొరకడం చాలా మామూలు, ఒక అచ్చుతో వేల నాణేలు కొట్టేవాళ్ళు, కాబట్టి ముఖం, అక్షరాలు సరిగ్గా ఒకేలా ఉంటే భయపడక్కర్లేదు, నిజానికి ప్రసిద్ధ మ్యూజియం నాణెంతో అచ్చు కలిస్తే సంతోషించాలి. కానీ బిళ్ళ ఆకారం, అంచు పగులు, బొమ్మ పక్కకి జరిగిన కొలత, తర్వాత వాడకంలో పడిన దెబ్బ, ఇవి రెండు నాణేల మీద ఒకేలా ఉండటం అసాధ్యం. సుత్తిదెబ్బ ప్రతిసారీ వేరు.

కొత్తగా అచ్చు చెక్కి చేసేవాళ్ళు పూర్వం నుంచీ ఉన్నారు. 16వ శతాబ్దంలో పాడువాకి చెందిన జొవాన్నీ కవీనో రోమన్ సెస్టెర్టియస్‌ల (పెద్ద కంచు నాణేల) శైలిలో చేసిన పతకాలు ఇప్పుడు వాటికవే సేకరణ వస్తువులయ్యాయి. జర్మనీలో కార్ల్ విల్‌హెల్మ్ బెకర్, 1772లో పుట్టి 1830లో చనిపోయినవాడు, గ్రీక్ రోమన్ అచ్చులు ఎన్నో స్వయంగా చెక్కాడు, చవక పురాతన నాణేలనే బిళ్ళలుగా వాడి వాటి మీద కొత్త అచ్చు కొట్టేవాడు, అంటే లోహం పరీక్షిస్తే పురాతనమే అని వస్తుంది. కొత్త మెరుపు పోవడానికి నాణేల్ని ఇనుప రజనుతో పెట్టెలో వేసి తన బండికి కట్టి తిప్పేవాడని చెబుతారు. 1980ల చివర్లో నల్లసముద్రం ఒడ్డున ఉన్న అపొలోనియా, మెసెంబ్రియా నగరాల చిన్న వెండి నాణేలు కుప్పలుగా బయటికొచ్చినప్పుడైతే నిపుణులే రెండు వర్గాలుగా చీలిపోయారు, తర్వాత అవి ఆధునిక నకిలీలని తేల్చారు. చేత్తో పట్టుకుని చూసినవాళ్ళకే అంత కష్టమైతే ఫోటో చూసి ఈ రకాన్ని పట్టేస్తాననుకోవడం ప్రమాదం. ఇలాంటివాటికి మనకున్న రక్షణ దీర్ఘకాల గ్యారంటీ, పాత రికార్డు, ఈ రెండే.

అయినా శైలిలో, అక్షరాల్లో కొంత దొరుకుతుంది. నేను ముఖం కంటే ముందు అక్షరాలు చూస్తాను. ముఖం అందంగా చెక్కగలిగినవాళ్ళు అక్షరాల దగ్గర బద్ధకిస్తారు, అన్నీ ఒకే మందంలో కంప్యూటర్ ఫాంట్‌లా వచ్చేస్తాయి. ముందు వైపు, వెనక వైపు కాలం కూడా కలవాలి. ఉదాహరణకి ట్రాజన్‌కి డాకికస్ బిరుదు క్రీ.శ. 102లో వచ్చింది, పార్థికస్ 116లో వచ్చింది, కాబట్టి పార్థికస్ అని రాసిన ముఖానికి వెనక పాలన మొదటి సంవత్సరాల పదవులు కనిపిస్తే ఆగాలి. ఇదంతా బట్టీ పట్టక్కర్లేదు, అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ళ ఆన్‌లైన్ కాయిన్స్ ఆఫ్ ద రోమన్ ఎంపైర్ ఉచితంగా ఉంది, అందులో ఆ కలయిక ఉందో లేదో చూడొచ్చు. అలెగ్జాండర్ నాణేలకి వాళ్ళదే పెల్లా అనే సైట్ ఉంది.

మార్చేసిన అసలు నాణేలు ఇంకో తలనొప్పి. నాణెం పురాతనమే, కానీ అరిగిపోయిన జుట్టుని మళ్ళీ చెక్కారు, లేదా మామూలు చక్రవర్తి పేరులో రెండు అక్షరాలు మార్చి అరుదైన పేరు చేశారు. పెద్ద కంచు నాణేల్లో, ముఖ్యంగా సెస్టెర్టియస్‌ల్లో ఇది ఎక్కువ. ముక్కు, చెంప అరిగిపోయి జుట్టు పాయలు మాత్రం కత్తితో గీసినట్టు ఉంటే అనుమానించండి, ముఖం చుట్టూ ఖాళీ జాగా అద్దంలా నునుపుగా ఉన్నా అంతే. మంచి సంస్థలు వర్ణనలోనే స్మూత్డ్ (నునుపు చేసింది), టూల్డ్ (మళ్ళీ చెక్కింది) అని రాస్తాయి, ఆ మాట చివర్లో చిన్నగా ఉంటుంది, చదవకుండా బిడ్ వేయకండి.

పురాతన కాలపు నకిలీలు కూడా ఉన్నాయి, రాగి బిళ్ళ మీద వెండి రేకు తొడిగినవి, సేకరణకారులు వీటిని ఫూరే అంటారు. ఇవి మోసమే గానీ రెండు వేల ఏళ్ళ నాటి మోసం, కొంతమంది ఇష్టపడి కొంటారు. క్రీ.పూ. 375/4లో ఏథెన్స్‌లో నికోఫోన్ అనే ఆయన పెట్టించిన చట్టం రాతి మీద దొరికింది, సంతలో నాణేలు పరీక్షించడానికి ఒక ప్రభుత్వ బానిసని కూర్చోబెట్టి, లోపల కంచో సీసమో ఉన్న వెండి నాణెం కనిపిస్తే అక్కడికక్కడే కోసేయమని అందులో ఉంది. ఏథెన్స్ నాణేల మీద ఇప్పటికీ కనిపించే ఉలి గాట్లు అలాంటి పరీక్షల గుర్తులే, గాటు లోపల కూడా వెండే కనిపిస్తే అది మనకి మంచి సంకేతం. గాటు ఉందని నాణెం వదిలేసేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మిగిలింది మ్యూజియం షాపు రెప్లికాలు. వీటిలో మోసం లేదు, తర్వాత చేతులు మారినప్పుడు మోసం వస్తుంది. అమెరికాలో 1973 చట్టం ప్రకారం నకలు మీద కాపీ అని అచ్చు ఉండాలి, దాన్ని ఎవరైనా అరగదీస్తే ఆ చోట చదునుగా ఒక మచ్చ మిగులుతుంది, చూడండి.

ఏ నాణెంతో మొదలుపెట్టాలి

బరువు ఒక్కటే రుజువు కాదు, నా ట్రాజన్ బరువు సరిగ్గానే ఉంది కదా. కానీ బరువు బాగా తప్పితే నాణెం దాదాపు ఖాయంగా తప్పే.

| నాణెం | ఉండాల్సిన బరువు | నకిలీల బెడద | నా మాట |
|---|---|---|---|
| 4వ శతాబ్దపు చిన్న రోమన్ కంచు | బాగా మారుతుంది | తక్కువ | మొదటి నాణెం ఇదే |
| రోమన్ డినేరియస్, చక్రవర్తి నీరో క్రీ.శ. 64లో బరువు తగ్గించకముందు | సుమారు 3.7 నుంచి 3.9 గ్రా. | ఎక్కువ | గ్యారంటీతో మాత్రమే |
| డినేరియస్, ట్రాజన్ రోజుల్లో | సుమారు 3.2 నుంచి 3.4 గ్రా. | మధ్యస్థం | డీలర్ దగ్గర కొనొచ్చు |
| ఏథెన్స్ గుడ్లగూబ, అలెగ్జాండర్ టెట్రాడ్రాక్మ్ (పెద్ద గ్రీక్ వెండి నాణెం) | సుమారు 17.2 గ్రా. | చాలా ఎక్కువ | వేలం సంస్థ లేదా స్లాబ్ |
| రోమన్ బంగారు సాలిడస్ | సుమారు 4.5 గ్రా. | ఎక్కువ | పాత రికార్డు ఉంటేనే |
| కుషాణుల బంగారు దినారం | సుమారు 8 గ్రా. | ఎక్కువ | పాత రికార్డు ఉంటేనే |

బంగారం విషయంలో బరువు చాలా కచ్చితంగా ఉంటుంది, సాలిడస్ అంటేనే రోమన్ పౌండ్‌లో 72వ వంతు, కాబట్టి తేడా ఉంటే కారణం కనపడాలి, అంచు కత్తిరించారా, మెడలో వేసుకోవడానికి చిల్లు పెట్టారా అని. శాతవాహనుల సీసపు నాణేల్లాంటి వాటిలో మాత్రం బరువులు విపరీతంగా మారతాయి, అక్కడ తక్కెడ ఏమీ చెప్పదు.

కవలని ఎలా వెతకాలి

బిడ్ వేసేముందు నేను కనీసం అరగంట దీనికి పెడతాను. ముందు లిస్టింగ్ ఫోటోని ఇమేజ్ సెర్చ్‌లో వేస్తాను, పాత వేలం నుంచి ఎత్తుకొచ్చిన ఫోటో అయితే ఇక్కడే దొరికిపోతుంది. తర్వాత ఏసీసెర్చ్ లాంటి పాత వేలాల ఆర్కైవ్‌లో అదే రకం నాణేలు తెరిచి, ముఖం చూడకుండా అంచు ఆకారం మాత్రమే చూస్తూ పోతాను. మన కన్ను ముఖం వైపే పోతుంది, ముఖాలన్నీ ఒకేలా అనిపిస్తాయి, అందుకే బిళ్ళ అంచు ఒక దేశం మ్యాప్ అనుకుని చూడండి, ఒకే మ్యాప్ రెండుసార్లు కనపడితే పట్టుకోవడం తేలిక. దొరికితే రెండు అవకాశాలు, అదే నాణెం మళ్ళీ అమ్మకానికి వచ్చింది, లేదా కవల. రెండు ఫోటోల్లో బరువు 0.01 గ్రా. వరకు కలిసి, ప్రతి చిన్న మచ్చా కలిస్తే అది పాత రికార్డు దొరికినట్టు, మంచి వార్త. అంచు కలిసి బరువు తేడాగా ఉంటే దగ్గరికి కూడా పోవద్దు.

మీరెవరు అన్నదాన్ని బట్టి

ఇప్పుడే మొదలుపెడుతుంటే వేలం పక్కన పెట్టి డీలర్ దగ్గర మామూలు కంచు నాణేలు, తర్వాత ఒకటో రెండో డినేరియస్‌లు తీసుకోండి. తక్కువకి రాకపోవచ్చు, ఆ తేడాని చదువు ఫీజు అనుకోండి.

ఎవరికైనా బహుమతిగా ఒక్కటే కొంటుంటే, ఇంకెప్పుడూ ఈ లోకంలోకి రానంటే స్లాబ్ నాణెం నయం, నంబర్ సరిచూసుకుని కొనేస్తే పని అయిపోతుంది. బంగారం కొనేవాళ్ళు స్లాబ్‌తో ఆగకండి, పాత కేటలాగ్ ఫోటో కూడా అడగండి, సొంత దేశపు దిగుమతి చట్టం, నాణెం పుట్టిన దేశపు ఎగుమతి చట్టం కూడా ముందే చదవండి.

ఓపెన్ సైట్లలో ఎవరూ గుర్తుపట్టని మంచి నాణెం పట్టుకోవాలనే సరదా ఉన్నవాళ్ళు ఉంటారు, ఆ సరదా నాకూ తెలుసు. అలాంటప్పుడు నకిలీలు చేసేవాళ్ళు పట్టించుకోని చోట వెతకండి, అరిగిన ప్రాంతీయ కంచు నాణేలు, పేరు సరిగ్గా చదవని లిస్టింగులు. మెరిసే గుడ్లగూబ అక్కడ తప్పుగా చవకగా దొరకదు. మట్టి కడగని నాణేల గుట్టలు మాత్రం ఆశతో కొనొద్దు, మంచివి ఏరేశాకే మన దాకా వస్తాయి, మధ్యలో కొన్ని నకిలీలు కలిపినవీ చూశాను.

ఎంత తెలిసినా వేలం చివరి రెండు నిమిషాల్లో మాత్రం కొత్తగా నచ్చిన నాణేనికి బిడ్ వేయకండి, ముందే వెతికిపెట్టుకున్న వాటికే వేయండి.

పార్సిల్ వచ్చిన రోజు

గడువు ఆ రోజు నుంచే నడుస్తుంది కాబట్టి పక్కన పెట్టకండి. విప్పుతూ ఫోటోలు తీయండి, 0.01 గ్రా. చూపించే తక్కెడ మీద తూచండి, లిస్టింగ్ బరువుతో పోల్చండి, పదింతలు పెద్దగా చూపించే లూప్ అనే చిన్న భూతద్దంతో అంచు మొత్తం తిప్పి చూడండి. అయస్కాంతానికి అంటుకుంటే వెండీ కాదు బంగారమూ కాదు, అంటుకోకపోతే ఏమీ తేలినట్టు కాదు. నీళ్ళలో ముంచి తూచి సాంద్రత కట్టొచ్చు, మంచి వెండి 10.5 దగ్గర, బంగారం 19.3 దగ్గర రావాలి, కల్తీ ఎక్కువైన కొద్దీ తగ్గుతుంది. కంచు మీద ఆకుపచ్చ పొర అనుమానంగా ఉంటే దూదికి అసిటోన్ అద్ది ఒక మూల తుడవండి, రంగు వేసిందైతే దూదికి వచ్చేస్తుంది, భూమిలో ఏర్పడిన పాటినా కదలదు. తుడిచే ముందు సెల్లర్‌కి చెప్పండి, లేకపోతే నాణేన్ని పాడుచేశావని రిటర్న్ కాదంటారు. ఎక్స్‌రేలతో లోహాల పాళ్ళు చెప్పే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషీన్ రిపోర్ట్ చూపిస్తే అది పైపొరని మాత్రమే చదువుతుందని గుర్తుంచుకోండి, పురాతన వెండిలో బంగారం, సీసం జాడలు ఉంటాయి, మరీ స్వచ్ఛంగా 999, అంటే 99.9 శాతం, వస్తే అది నాకు మంచి కబురు కాదు.

అనుమానం మిగిలితే గడువులోపే రాతపూర్వకంగా, కవల ఫోటో దొరికితే అది జతచేసి, ఏ చోట ఏ పగులు కలుస్తోందో బాణం గుర్తు పెట్టి పంపండి. "నాకు నకిలీలా అనిపిస్తోంది" అన్న మెయిల్‌కి జవాబు రావడానికి వారాలు పడుతుంది, రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టిన మెయిల్‌కి మంచి సంస్థలైతే ఒకట్రెండు రోజుల్లోనే డబ్బు వెనక్కి ఇచ్చాయి. నా ట్రాజన్‌ని నేను పారేయలేదు, ఇంకొకరికి అమ్మలేదు కూడా, దాని కవరు మీద నకిలీ అని ఎర్ర ఇంకుతో రాసి, పక్కనే అదే రకం అసలు డినేరియస్ ఒకటి పెట్టుకున్నాను, కొత్త నాణెం వచ్చినప్పుడల్లా ముందు ఆ రెంటినీ లూప్ కింద పెట్టి చూస్తాను, తర్వాతే దాన్ని చూస్తాను.